దంతధావనము: తలంపు ఎవ్వరిది?

ఉదయము బడివేళకు ముందు ఏ యింటి వాకిట నిలిచినను వినవచ్చు మాట యొకటి కలదు: "పళ్ళు తోముకున్నావురా?" మొదటిసారి ఆ ప్రశ్న మృదువుగా వెలువడును. రెండవసారి కొంత కటువగును. మూడవసారి తండ్రి పేరు చెప్పి బెదరించుట జరుగును. నాలుగవసారికి బాలుడు లేచి దొడ్డిలోనికి నడచును. ఇది తల్లికి శ్రమ యనియు, బాలునికి సోమరితన మనియు లోకులు తలతురు. శ్రమ నిజమే. కాని యిందు ధర్మవిచారమునకు తగిన చిక్కు వేరొకటి కలదు. నాలుగుసార్లు చెప్పించుకొని చేసిన పని ఎవ్వరి పని? చేయి బాలునిది, పళ్ళు బాలునివి. తలంపు మాత్రము తల్లిది.

దంతధావనము అల్పవిషయ మని మన పెద్దలు భావింపలేదు. చరకసంహిత దినమునకు రెండు వేళల పళ్ళు తోముకొనుమని విధించినది. వాగ్భటుని అష్టాంగహృదయములోని దినచర్యాధ్యాయము పుల్ల కొలతను గూడ చెప్పినది: వ్రేలి వెడల్పు కొలతతో 12 అంగుళముల పొడవు, చిటికెనవ్రేలి కొనంత లావు. పల్లెలలో వేప, గానుగ, ఉత్తరేణి పుల్లలు ఎన్ని తరముల నోళ్ళను కాపాడినవో లెక్క లేదు. నేటి దంతవైద్యులును రెండు వేళలనే చెప్పుచున్నారు. నోటిలోని సూక్ష్మజీవులు తీపిని ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము పంటి పైనున్న గట్టి పింగాణి పొరను కరగించును. ఎముక విరిగిన అతుకుకొనును, చర్మము తెగిన మానును. ఆ పొర పోయి గుంట పడినచో మరల పుట్టదు.

పాలపళ్ళు ఇరువది, ఎట్లును ఊడిపోవునవే కదా యని కొందరు ఉపేక్షింతురు. ఆరేండ్ల ప్రాయమున పాలపళ్ళ వరుసకు వెనుక, ఏ పన్నును ఊడకయే, ఒక పెద్ద దవడపన్ను మొలచును. ఊడి వచ్చినది కాదు గనుక దానిని పాలపన్నే యని పొరబడువారు అనేకులు. అది జీవితాంత ముండవలసిన పన్ను. బాలుడు పళ్ళు తోముకొనుట స్వయముగా నేర్చుకొనవలసిన వయస్సును, ఈ పన్ను వచ్చు వయస్సును ఒక్కటే.

తల్లి సంకట మిక్కడనే కలదు. ఇతర కార్యములలో తప్పే గురువు. పలక మరచిన బాలుడు బడిలో చేతు లూపుకొనుచు కూర్చుండును, మరునాడు మరువడు. పంటి విషయమున తప్పు నేడు జరుగును, నొప్పి యే సంవత్సరమునకో వచ్చును. నడుమ నంత దూర మున్నప్పుడు ఈ ఫలము ఆ కర్మదే యని పసివానికి తోచుట యెట్లు? "ఊరకుండుడు, వాడే నేర్చుకొనును" అని సలహా చెప్పువారు ఈ మాట నాలోచింపరు. తల్లి భయము న్యాయమైనదే.

అయినను ఎడతెగని హెచ్చరికకును మూల్యము కలదు. నాలుగవ పిలుపునకు లేచు బాలుడు మందమతి కాడు. మొదటి మూడు పిలుపులకు విలువ లేదని చక్కగా గ్రహించినవాడు. తల్లి జ్ఞాపకము పనిచేయుచుండగా తన జ్ఞాపకమునకు పని యేమి? అంతకంటె చెడ్డది మరొకటి. కొంతకాలమునకు బాలుడు బ్రష్షును తడిపి, నాలుకపై పేస్టు రాచుకొని, "తోముకున్నానమ్మా" యని వచ్చును. తల్లి యడిగినది జవాబును; వాడు జవాబు నిచ్చినాడు. ఆ పూట పంటికి జరిగిన నష్టము కొంచెమే. కాని యింటిలో పెద్దలను తృప్తిపరచుటయే పని యని, పని జరుగుట వేరొక సంగతి యని వాడు నేర్చుకొనినాడు. ఈ విద్య పంటితో ఆగదు. పెరిగి ఉద్యోగములో కాగితములు నింపునప్పుడును వానివెంట వచ్చును.

బహుమానము ఉపాయమని కొంద రందురు. 1973లో అమెరికాలో ప్రకటితమైన పరీక్ష యొకటి ఇచ్చట స్మరింపదగినది. బొమ్మలు గీయుట యందు స్వతహాగా ఇష్టముగల శిశువులలో కొందరికి, గీసినచో బంగారు నక్షత్రము, పట్టీ గల పత్ర మిత్తుమని ముందే చెప్పిరి. తరువాత బహుమాన ప్రసక్తి లేనప్పుడు ఆ శిశువులు, ఏమియు ఆశ పెట్టని శిశువులు గీసిన కాలములో సుమారు సగమే గీసిరి. బహుమానము ఇష్టమును మ్రింగినది. పళ్ళు తోముకొనుట మొదటినుండి ఇష్టమైన పని కాదు గనుక ఈ ఫలితమును ఉన్నదున్నట్లు దీనికి అన్వయింపరాదు. మొదటి వారమున చిన్న బెల్లపుముక్క యిచ్చుట పాపము కాదు. అయితే పళ్ళు తోమినందుకు బెల్ల మిచ్చుట వింతయే.

మంచి పనులు చేయుటవలననే మంచితనము అలవడునని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిలు చెప్పెను. ఇల్లు కట్టుటవలన ఇల్లు కట్టుట వచ్చును. అయితే చేసినంత చాల దనియు, తెలిసి, తానుగా ఎంచుకొని, స్థిరబుద్ధితో చేయవలె ననియు ఆయనయే చేర్చెను. కనుక అలవాటు చేయించుట, అలవాటును బాలుని వశము చేయుట యనునవి రెండు వేర్వేరు పనులు. పెద్దలు తరచుగా మొదటిదానితో ఆగిపోదురు.

వీరశైవ గృహములలో దీనికి దగ్గరి దృష్టాంతము కలదు. దీక్ష పొందిన పిల్లవాడు ఇష్టలింగమును తన అరచేతనే యుంచుకొని తానే పూజించును. నడుమ అర్చకుడు లేడు. తండ్రి విధానము చూపును, ప్రక్కన కూర్చుండును, అంతవరకే. కుమారుని బదులు తండ్రి పూజ చేసినచో అది తండ్రి పూజయే. ఆ పూజకు ముందు స్నానము, స్నానమునకు ముందు దంతధావనము. ఈ క్రమము తప్పని యింటిలో పళ్ళ సంగతి ఎవ్వరును గుర్తుచేయనక్కర లేదు. ముందుపని వెనుకపనిని తానే పిలుచును. పెద్దలు పాటించు ఇంటిలోనే యిది సాధ్యము. పాచినోటితో కాఫీ త్రాగుచు, వార్తాపత్రిక చాటునుండి "పోయి పళ్ళు తోముకో" అను తండ్రికి ఈ దృష్టాంతము పనికిరాదు.

కావున తల్లి చేయదగినది మౌనము వహించుట కాదు; హెచ్చరికను నాలుకనుండి చోటునకును, క్రమమునకును మార్చుట. బ్రష్షు పిల్లవాని చేతికందు ఎత్తున నుండవలెను. తల్లియో తండ్రియో అదేవేళ ప్రక్కన నిలిచి తోముకొనవలెను. ఏడెనిమిదేండ్లు నిండువరకు పిల్లల వ్రేళ్ళకు తగిన నేర్పు ఉండదు గనుక చివర పెద్దలు ఒకసారి తోమవలెను. ఇది సహాయము, హెచ్చరిక కాదు. పేస్టు మూడేండ్లలోపు బియ్యపుగింజంత, ఆపైన బఠానీగింజంత చాలును. కష్టమైనది రాత్రివేళ. నిద్ర ముంచుకొచ్చినపుడు లేపి తోమించుట ఇరువురికిని శిక్షయే. భోజనమైన వెంటనే, పక్కలు పరవకముందే అది ముగియవలెను.

అటుపిమ్మట ప్రశ్న మారవలెను. "తోముకున్నావా?" యనుటకు బదులు "ఇప్పుడు ఏం చేయాలి?" అని యడిగినచో వెదకుట బాలుని పాలగును. కొంతకాలమునకు చూపు చాలును. ఆపైన, చెప్పకయే మానుట గాక, చెప్పియే మానవలెను: "ఈ నెలనుండి నేను చెప్పను నాయనా. ఆదివారం నోరు తెరిచి చూపించు." మాట నడుగుటకంటె వెలుతురులో పంటిని చూచుట మేలు. చిగురువద్ద పసుపుపాచి అబద్ధమాడదు. బాలునికి అబద్ధమాడు అవసరమును కలుగదు.

ఎంతకాలము? లండనులో 2009లో వెలువడిన పరిశోధనలో 96 మంది పెద్దలు ఒక్కొక్క క్రొత్త అలవాటును చేపట్టిరి. అది అప్రయత్నముగా జరుగు స్థితికి వచ్చుటకు మధ్యస్థముగా 66 దినములు పట్టినది. వ్యత్యాసము 18 దినములనుండి 254 దినములవరకు. నడుమ ఒకనాడు తప్పినను పెద్దగా చెడలేదు. పెద్దలకే యింత పట్టినప్పుడు, పదిదినములు చూచి "వీడికి రాదు" అని నిట్టూర్చుట తొందరపాటు.

అలవాటు ఎవ్వరి వశమైనదో పెండ్లి ప్రయాణములలో తెలియును. అమ్మమ్మగారి యూరిలో క్రమమంతయు చెదరును. బ్రష్షు ఇంటనే మిగిలిపోవును. తల్లి చుట్టముల సందడిలో నుండును. చెప్పినప్పుడే చేయు బాలుడు అడుగువారు లేరని సంతసించును. వేరొకడు దొడ్డిలోనికి పోయి, "అమ్మమ్మా, వేపపుల్ల ఉందా?" అని యడుగును. ఆమె లేతపుల్ల విరిచి, పసిచిగుళ్ళకు గుచ్చుకొనకుండ కొనను రాతిపై నలుగగొట్టి ఇచ్చును.