జామకాయ, ఏడు గంటల నిద్ర

డిసెంబరు పొద్దున అంబర్‌పేట్ అలీ కేఫ్ చౌరస్తాలో ఒక చేత్తో టిఫిన్ డబ్బా, ఇంకో చేత్తో ముక్కు కారుతున్న పిల్లాణ్ణి పట్టుకుని ఉప్పల్ బస్సుకోసం చూసే తల్లులు కనిపిస్తారు. రోగనిరోధక శక్తికని కొందరు విటమిన్ బిళ్లలూ కొంటారు.

కాస్త దూరంలో తార్నాకలోనే, 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకొచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఉంది. విటమిన్ల మాటకొస్తే, బండిమీది జామకాయలో, 100 గ్రాములకు, సుమారు 200 మిల్లీగ్రాముల సి విటమిన్ దొరుకుతుంది. కమలాపండులో అందులో నాలుగో వంతే. అలాగని జామకాయ జలుబును రానివ్వదని కాదు.

నిద్ర సంగతే అసలైనది. 2015లో వెలువడిన అమెరికా పరిశోధనలో 164 మంది ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేశారు. ఆరు గంటలకన్నా తక్కువ పడుకున్నవాళ్లకు, ఏడు దాటినవాళ్లకన్నా, జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లు ఎక్కువని తేలింది. రాత్రి పదకొండింటికి గిన్నెలు తోమే అమ్మకు ఈ లెక్క వింటే ఒళ్లు మండుతుంది. ఆ గిన్నెలేవో నాన్న అందుకుంటే ఆమెకు అరగంట ముందే పక్క దొరుకుతుంది.