పైరూపమా? హృదయమా?

వాక్యభాగములు: 1 సమూయేలు 16:1–13, యెహోషువ 2వ అధ్యాయము



సమూయేలు ప్రవక్త బేత్లెహేమునకు వెళ్లి యెష్షయి కుమారులను చూచినప్పుడు, పెద్దవాడైన ఎలీయాబు ఎత్తును, రూపమును చూచి, రాజు కాదగినవాడు ఇతడే యని తలంచెను. ప్రవక్తయైనవాడే పొరబడెను. మనుష్యుల చూపు పైరూపమునొద్దనే ఆగిపోవుననియు, తన చూపు హృదయము వరకు పోవుననియు దేవుడు అతనికి తెలియజేసెను. తుదకు గొఱ్ఱెలయొద్దనున్న చిన్నవానిని పిలువనంపవలసి వచ్చెను. ప్రవక్త కన్నులే మోసపోయినయెడల మన కన్నుల మాట యేమి?

ఈ సంగతిని ధ్యానించుటకు ఈ నెల మన తెలుగు నాటకమొకటి తోడు తీసికొందము. సంఘపత్రికలో నాటకముల మాట యేల అని కొందరు అనవచ్చును. మన ప్రభువు తానే విత్తువాని కథయు, తప్పిపోయిన కుమారుని కథయు చెప్పి జనులకు బోధించెను గదా. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడెను. 1897లో అచ్చుపడి, 1909లో అనేకమైన మార్పులతో మరల వెలువడెను. పుస్తకము చదువనివారు సయితము 1955లో వచ్చిన సినిమా వలన ఆ కథ నెరుగుదురు.

ఆ కథలో పెద్దమనుష్యులకు కొదువలేదు. అగ్నిహోత్రావధానులు వేదము చదివినవాడు. అయినను తన చిన్నకూతురు సుబ్బిని రొక్కము తీసికొని, లుబ్ధావధానులను ముసలివానికి ఇయ్యజూచెను. రామప్పపంతులు ఊరి వ్యవహారములన్నిటిలో తలదూర్చువాడు. ఆయన నోట సత్యము అరుదు. గిరీశము ఇంగ్లీషు మాటలతోను, సంఘసంస్కరణ ఉపన్యాసములతోను అందరిని మురిపించుచు, లోలోపల తన సుఖమే వెదకుచుండెను. వీరందరికిని సంఘములో గౌరవము కలదు. మధురవాణికి మాత్రము గౌరవము లేదు. ఆమె వేశ్య.

అయినను ఆ పసిపిల్ల సుబ్బిని తప్పించుటకు సాయపడినది ఎవరు? మధురవాణియే. పిల్ల మేనమామయైన కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడవేషము వేసి, ఆ ముసలివానికి పెండ్లికూతురుగా ఇచ్చినప్పుడు ఆమె ఆ యుక్తికి తోడ్పడెను. తరువాత ఆ పెండ్లికూతురు మాయమైనందున లుబ్ధావధానులపై హత్యానేరము పడెను. అప్పుడు ఆమె పురుషవేషమున వకీలు సౌజన్యారావు పంతులునొద్దకు వెళ్లి, జరిగినది తెలిపి ఆ ముసలివానిని కాపాడెను. గిరీశము ముసుగును తొలగించెను. వేశ్యలను దగ్గరకు రానీయని నియమము గల ఆ మంచివాని నియమమును చెరుపగల సమయము చేతికి వచ్చినప్పుడు, ఆమెయే వెనుకకు తగ్గెను.

ప్రియులారా, మధురవాణి పరిశుద్ధురాలని మేము చెప్పుట లేదు. ఆమె అబద్ధములాడెను, మగవారిని ఆటలాడించెను, ఆమె జీవనము పాపపు జీవనమే. అయితే ఆమె పేరును చూచి ఆమె హృదయమును లెక్కగట్టినవారందరు తప్పు లెక్క వేసిరి.

ఇట్టి స్త్రీ మన పరిశుద్ధ గ్రంథములోను కలదు. యెరికో పట్టణపు రాహాబు వేశ్య. వేగులవారిని మిద్దెమీద జనుపకట్టెలో దాచి, రాజు మనుష్యులతో అబద్ధమాడెను. దేవుని వాక్యము ఆమె వృత్తిని మెచ్చలేదు, దానిని దాచనూలేదు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక ఆమె విశ్వాసమును పేర్కొనునప్పుడు సయితము ఆమెను వేశ్యయనియే పిలుచుచున్నది. అయినను మత్తయి సువార్త మొదటి అధ్యాయము తెరచి చూడుడి: ఆమె బోయజునకు తల్లియై, దావీదునకును మన ప్రభువునకును వంశావళిలో నిలిచియున్నది. రాహాబు తన పాత బ్రదుకులో ఉండిపోలేదు. దేవుని ప్రజలలో చేరెను. మనుష్యులు పేరు పెట్టి ఊరకుందురు. దేవుడు హృదయమును చూచి మార్గము తెరచును.

ఇది ఇతరులను వేలెత్తి చూపుటకు వ్రాయుట లేదు; వ్రేలు మనవైపే తిరుగవలెను. కొన్ని యేండ్ల క్రిందట మేమున్న ఒక సంఘములో, చెడ్డపేరు గల ఒక స్త్రీ ఆదివారమున వచ్చి గుమ్మమునొద్ద కూర్చుండెడిది. ఆమె ప్రక్క చాప ఎప్పుడును ఖాళీయే. మేమును ఆమెను పలుకరింపలేదు. ముందు వరుసలో తెల్లని పంచెతో కూర్చుండు ఒక పెద్ద, కోతపండుగనాడు వచ్చిన ధాన్యపు లెక్కలు చూచెడివాడు. ఆయన ప్రార్థన చేసిన కన్నీళ్లు వచ్చెడివి. ఒకనాడు ఆ స్త్రీ వచ్చి, కానుకల ధాన్యము రాత్రివేళ ఆయన ఇంటికి పోవుచున్నదనియు, మూటలు మోయుటకు తనను పిలిచి వంతు ఇత్తుననిరనియు, తాను ఒప్పుకొనలేదనియు చెప్పెను. మేము నమ్మలేదు. ఏలయనగా చెప్పినది ఆమె, చెప్పబడినది ఆయనను గూర్చి. పది దినములు గడచిన తరువాత ధాన్యము కొలిచి చూడగా ఆమె మాటయే నిజమాయెను. క్షమాపణ వేడుటకు ఆమె ఇంటికి పోతిమి. తలుపునకు తాళము వేసియుండెను. ఊరు విడిచి వెళ్లినదనిరి. ఆ ఖాళీ చాప నేటికిని మా కన్నులయెదుట నున్నది.

గనుక ప్రియులారా, వచ్చే ఆదివారమున మన గుమ్మమునొద్ద ఎవరు కూర్చుండిరో చూతము. అక్కడికి వెళ్లి కూర్చుందము. ముందు వరుసలో మనమే యుంటిమా? అట్లయిన మన పంచె తెలుపును కాక, మన హృదయమును ప్రభువునెదుట పరీక్షించుకొందము. సుంకరులును వేశ్యలును మీకంటె ముందుగా పరలోకరాజ్యములో ప్రవేశించుచున్నారను భావము గల ప్రభువు హెచ్చరిక, మందిరములో పెద్దలైనవారితోనే చెప్పబడెనని మరువకుందము.

ప్రార్థన: హృదయములను ఎరిగిన దేవా, మా చూపును సరిచేయుము. మేము త్రోసివేసినవారియొద్దకు మమ్మును నడిపించుము. మేము దాచుకొనిన దానిని నీ వెలుగులోనికి తెచ్చి కడుగుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.