రోగశయ్యపై మరణించిన సైనికుడు



రణమున కత్తివేటునకు కూలినవానికి వీరస్వర్గమనియు, జ్వరముచే మంచముపై కన్నుమూసినవానిది వట్టి చావనియు మనవారు తలచుచుందురు. క్షత్రియుడు వ్యాధిచే నింట మరణించుట అధర్మమని భారతమందలి భీష్మపర్వము సైతము పలుకుచున్నది. ఈ తలంపు మాకు సమ్మతము కాదు. పరమేశ్వరుడు గాయములను లెక్కించి తన బిడ్డలకు చోటొసగునని మేము నమ్మజాలము.

నేడు సిద్దిపేటలో మనము స్మరించుచున్నది హైదరాబాదు లాన్సర్లలో రోగమునకు బలియైన వారిని. 1914లో ఈ యూరు నిజాము సంస్థానములోనిది. ఆ సంస్థానపు అశ్వదళమే సముద్రము దాటి ఈజిప్టునకు బోయి సూయజు కాలువను గాచెను. పిదప పాలస్తీనాకు నడచెను. ఎవరి సామ్రాజ్యము కొరకు పోయిరను ప్రశ్న కలదు; దాని నడుగక మానము. కాని ప్రభువుల నిర్ణయమునకు రౌతు తల్లిని ఉత్తరవాదిని చేయుట న్యాయమా?

1918 వేసవిలో యోర్దాను లోయయందు సేనలు తమ వశమందున్న నేలలో బురదగుంటల నెండగట్టి దోమల నణచిరి. సెప్టెంబరులో ముందునకు సాగినంతనే ఆ రక్షణ వెనుకబడిపోయెను. అక్టోబరు 1న దమస్కసు పట్టుబడెను. ఆ విజయము వెంటనే మలేరియాయు, ఇన్‌ఫ్లూయెంజాయు గూడి అశ్వసేనలపై బడెను. తుపాకిగుండ్లను తప్పించుకొన్నవారనేకులు చలిజ్వరమునకు లొంగిపోయిరి.

మమ్ము మిక్కిలి కలచునది వేరొకటి. మలేరియా క్రిమిని దోమ పొట్టలో రొనాల్డు రాసు కనుగొన్నది మన సికందరాబాదులోనే, 1897 ఆగష్టు 20న! ఆ జ్ఞానము పుట్టిన సీమనుండి పోయిన రౌతులు ఇరువదియొక యేండ్లకు ఆ జ్వరపు నేలలోనే నడువవలసివచ్చెను.

ఢిల్లీలో 1922లో నిలిపిన మూడు లోహవిగ్రహములలో నొకటి హైదరాబాదు రౌతుది. అది నిటారుగా నిలిచియున్నది. కంబళి క్రింద వణకినవానికి విగ్రహము లేదు. అయినను 1914 ఆగష్టు 4 మొదలు 1921 ఆగష్టు 31 వరకు సేనలో నుండి మరణించినవారిని, గాయమో రోగమో యెంచక, సమముగా స్మరించుట యుద్ధసమాధుల సంఘమువారి నియమము. పురాణము చేయని న్యాయమును ఒక కార్యాలయము చేసినది!

వారికి మనము పిండము పెట్టము. నిరాకారుని యెదుట ఒక నిమిషము మౌనముగా నిలుతము. ఉపాసనానంతరము యువకులు పారలు తెండు. ఈ మందిరము వెనుక వాననీరు నిలిచిన గుంట యొకటి కలదు. చీకటి పడకముందే దానిని పూడ్చుదము.