అటక మీది డబ్బాలు



వానలకు ముందు మా వంటయింటి అటక దింపితిమి. పాలపొడి డబ్బాలు, ఊరగాయ జాడీలు, పాత చీరలిచ్చి తీసికొనిన స్టీలు డబ్బాలు ముప్పదికి పైగా ఉండెను. సగమునకు మూతలు లేవు. వాటి వెనుక రెండు కిలోల రాగిపిండి పురుగుపట్టి యుండెను. రాగులు విసరకుంచిన యేండ్ల తరబడి నిలుచును గాని పిండి నిలువదని సత్యవేడులో ఎరుగని ఇల్లాలు లేదు.

మా బాధ పిండికి కాదు. అంతకు ముందు నెలలో పొరుగామె సంగటికి పిండి అడుగ వచ్చినప్పుడు లేదని చెప్పి పంపితిమి. అది అబద్ధమా? ఎరిగి ఆడలేదు. అయినను ఇంట ఏమున్నదో మాకే తెలియనంతగా నింపుకొనినది మేమే గదా! తెలియదనుట మమ్మును విడిపించునని మాకు తోచలేదు.

దాచుటయే దోషమనము. అరణ్యములో మరునాటికి మిగుల్చుకొనిన మన్నా చెడెను. అదే మన్నా ఒక పాత్రలో రాబోవు తరములవారికై ఉంచబడెను. ఎలీషా కాలపు విధవరాలి నూనె పాత్రలు చాలకనే నిలిచెను. (ఈ మాట పట్టుకొని మా యింటివారు ఆరు ఖాళీ డబ్బాలు ఉంచుకొనిరి.) అయితే ఆమె ఆ పాత్రలను పొరుగిండ్లనుండి ఎరువు తెచ్చుకొనెను, అటకనుండి కాదు.

మూతలున్నవాటినే క్రింది అరలో పెట్టి, పాతది ముందుకు, క్రొత్తది వెనుకకు సర్దితిమి. రాగులు విసరించి, ఒక డబ్బా నింపి పొరుగామెకు ఇచ్చి, ఆనాటి సంగతి చెప్పితిమి. ఆమె నవ్వి ఊరకుండెను. ఆ డబ్బా ఇంకను ఆమె యింటనే యున్నది.