మంచం పక్కన చెంబు



మీ ఇంట్లో పక్షవాతం వచ్చిన పెద్దలున్నారా? బొల్లాపల్లిలో నేను చూసినది వినండి. మిరపకోతల రోజులు. మంచం మీది తాత నీళ్ళు అడిగాడు. కోడలు చెంబు అందుకోబోయింది. వినుకొండ నుండి వచ్చిన ఫిజియోథెరపిస్టు, "ఆగండమ్మా, తాతనే తీసుకోనివ్వండి" అని వారించాడు. వణికే ఆ చేయి చెంబును చేరేసరికి ఎంతసేపు పట్టిందో! సగం నీళ్ళు ఒలికాయి. కోడలు కళ్ళు ఒత్తుకుంది. నిజం చెప్పొద్దూ, ఆ అబ్బాయి మీద నాకూ కోపం వచ్చింది.

తరువాత అరుగు మీద కూర్చుని మాట్లాడాము. నాలుగున్నరేండ్లు చదివాడట. రోజంతా బండి మీద ఊళ్ళు తిరుగుతాడు. మనుషులను లేపీ లేపీ తనకే నడుము నొప్పి. "సూది లేదు, మందు లేదు, కాళ్ళు చేతులు ఆడించినందుకు డబ్బులా అంటారు ఫాదర్‌గారూ" అని నవ్వాడు. పడిపోయిన చేతిని పట్టి లాగితే భుజం కీలు జారవచ్చట. కదపక వదిలేస్తే బిగుసుకుపోతుందట. అన్నీ మనమే చేసిపెడితే ఉన్న బలమూ పోతుందట.

ప్రేమించడమంటే ఎదుటివాని మేలు కోరడమని పునీత తోమా అక్వినాసు బోధ. సెమినరీలో పరీక్ష కోసం చదివాను. మేలు వేరు, సుఖం వేరని ఆ చెంబు దగ్గర తెలిసింది. మనవాళ్ళు వెళ్ళే వేలూరు ఆసుపత్రిలోనే డాక్టర్ మేరీ వర్గీస్ ఉండేవారు. 1954లో ప్రమాదంలో కాళ్ళు చచ్చుబడినా, చక్రాల కుర్చీలో కూర్చుని కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. "పాపం, పడుకోనివ్వండి" అని అందరూ ఊరుకుని ఉంటే?

అలాగని దూరంగా నిలబడి చూడమనడం లేదు. ఆ అబ్బాయి చేయి తాత మోచేతికి బెత్తెడు దూరంలోనే ఉంది.

మొన్న మళ్ళీ వెళ్ళాను. చెంబు ఇంకాస్త దూరంగా ఉంది. కోడలే జరిపిందట.