అగపడని గ్రహమునకు అనుమాన ప్రమాణము

1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమగువఱకు మా చికిటి జమీ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందియుండెను. ఆ రాజధానీ నగరమున ఈస్టిండియా కంపెనీవారు నిలిపిన వేధశాలయందే 1855లో కెప్టెన్ జాకబ్ అను అధికారి, సర్పధారి మండలములోని 70 ఓఫియూకై అను జంటతార గమనమున గణితమునకు లొంగని స్వల్ప భేదమును కనిపెట్టి, కంటికి కానరాని గ్రహమొకటి దానికి కారణమై యుండుట మిక్కిలి సంభావ్యమని ప్రకటించెను. అన్యనక్షత్రములకు గ్రహములు గలవని కొలతల ఆధారమున పలికిన తొలి మాటలలో అది యొకటి. ఆ మాట నిలువలేదు. అదే జంటకు తరువాత మఱియొకరు ఊహించిన అదృశ్య సహచరము కక్ష్యలో స్థిరముగా నుండజాలదని 1899లో మౌల్టన్ గణించి చూపెను. కాని ప్రశ్న నిలిచినది: కానవచ్చుదానివలన కానరానిదానిని, దాని ఉనికినేకాక పుట్టువునుగూడ, మనము తెలియగలమా?

కార్యమును చూచి కారణమును తెలియుటను నైయాయికులు శేషవదనుమానమందురు. వాత్స్యాయన భాష్యమున దానికి దృష్టాంతము ఏటి వరద. ఇచ్ఛాపురము మీదుగా కడలికిపోవు బాహుద యెఱ్ఱనీటితో పొంగినపుడు, ఇచట చినుకు రాలకున్నను ఎగువ కొండలలో వాన కురిసినదని శాస్త్రమెఱుగని రైతును చెప్పును. అయితే న్యాయసూత్రములలోనే పూర్వపక్షి లేచి, అడ్డుకట్ట పడినను నీరు పొంగును గదా, ఇట్టి అనుమానము ప్రమాణమెట్లగునని అడుగును. దానికి భాష్యకారుడిచ్చిన సమాధానము నాకెన్నిమారులు చదివినను తనివితీరనిది: నీరు పెరుగుట యొక్కటియే హేతువు కాదు, ప్రవాహవేగమును, నురుగును, కొట్టుకొనివచ్చు పండ్లును, ఆకులును, కట్టెలును కూడియున్న వరదయే వానకు గుర్తు.

ఈ వివేకమే నేటి జ్యోతిశ్శాస్త్రమునకును ప్రాణము. 1995లో మేయర్, క్వెలోజ్ అను స్విస్ శాస్త్రజ్ఞులు 51 పెగాసై అను నక్షత్రపు వర్ణపటరేఖలు క్రమముగా ఇటునటు జరుగుటను చూచి, ఆ తార సెకనుకు ఏబదికి పైగా మీటర్ల వేగమున ఊగుచున్నదనియు, గురుగ్రహమున సుమారు సగము బరువుగల గ్రహము దానిని నాలుగు దినములకొకమారు చుట్టివచ్చుచున్నదనియు నిర్ణయించిరి. మన గురుడు సూర్యుని చుట్టివచ్చుటకు పండ్రెండేండ్లు పట్టును. తారకంత చేరువ వేడిమిలో మంచు నిలువదు. గ్రహమునకు నడిముద్దయగు పెద్ద గర్భము పేరుకొనుటకు తగిన ద్రవ్యమును అచట అరుదు. అట్లయిన ఈ మహాకాయము ఎచట పుట్టి ఎట్లు వచ్చెను?

పుట్టుకను గూర్చి రెండు పక్షములు గలవు. ధూళి, మంచు కణములు ఒకదానిపై నొకటి చేరి, భూమికి పదిరెట్ల గర్భమేర్పడి, అది చుట్టునున్న వాయువును లాగికొనునని ఒక పక్షము; నక్షత్రమును చుట్టియున్న వాయుచక్రమే తన బరువునకు తాను చీలి ముద్దలగునని రెండవది. మొదటిది, భాగములు కూడి క్రొత్త వస్తువు పుట్టునను వైశేషికుల ఆరంభవాదమును, రెండవది, ఉన్నదే రూపు మారునను సాంఖ్యుల పరిణామవాదమును తలపించును. పోలిక అంతవఱకే, ఆ దర్శనకారులు ఇవన్నియు ముందే ఎఱిగిరనుట వారికి గౌరవము కాదు. ఇనుము మొదలగు బరువైన మూలకములు హెచ్చుగా గల తారలకే బృహద్గ్రహములు తఱచుగా నుండుట మొదటి పక్షమునకు బలము. తమ తారకు బహుదూరమున తిరుగుచు ఛాయాచిత్రములకందిన హెచ్.ఆర్. 8799 గ్రహముల వంటివానికి రెండవదానిని గూడ ఆలోచింపవలసియున్నది.

ఇవన్నియు ఉపాదానకారణమును గూర్చిన మాటలు. కుండకు మన్ను ఏదో తెలిసినంతమాత్రమున కుమ్మరి లేడనుటయు, మన్ను తెలియరాలేదుగనుక కుమ్మరి యున్నాడనుటయు నాకు సమానముగా దుర్బలములు. నైయాయికుడగు ఉదయనాచార్యుడు జగత్కార్యమునుండి ఈశ్వరుని సాధింపబూనినది కుమ్మరివంటి నిమిత్తకారణమును గూర్చి; ఆ విచారము తన బలముపై తాను నిలువవలసినదేగాని, గ్రహోత్పత్తి శాస్త్రమున మిగిలిన ఖాళీలలో తలదాచుకొనరాదు. ఈశ్వరుని నమ్మినవాడనుగనుకనే ఇంత గట్టిగా చెప్పుచున్నాను.

ఆబూ పర్వతమున గురుశిఖరముపై, అహమ్మదాబాదు ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీవారు 'పరస్' అను వర్ణపటమాపకముతో తూచిన గ్రహములు రెండు, పలు గుర్తులను కలిపి చూడవలెనను ఆ వరద న్యాయమునకు మంచి లక్ష్యములు. 2021లో ప్రకటించిన టి.ఓ.ఐ. 1789 గ్రహము గురునిలో నూటికి డెబ్బది వంతుల బరువుండియు, వేడికి ఉబ్బి, గురునికన్న ఒకటిన్నర రెట్లకు చేరువ వెడల్పు గలది. దాని సాంద్రత నీటిలో సుమారు మూడవవంతు మాత్రమే. 2023లో ప్రకటించిన టి.ఓ.ఐ. 4603 గ్రహము గురునికి ఇంచుమించు పదమూడు రెట్లు బరువై, పరిమాణమున గురునంతయే యుండి, సీసముకన్నను సాంద్రమైనది. గ్రహమనవలెనో, గోధుమవర్ణపు మఱుగుజ్జు తార యనవలెనో తేలని సరిహద్దున నున్న ఈ కాయము ఏడు దినములకొకమారు తారను చుట్టుచున్నను, దాని కక్ష్య ఇంకను వర్తులము కాలేదు. దూరమున పుట్టి సాగిన కక్ష్యలో లోనికి వచ్చినవానికి అట్టి దీర్ఘత కొంతకాలము మిగిలియుండును. తార ఆకర్షణవలన కలుగు ఆటుపోటులు దానిని క్రమముగా గుండ్రము చేయును. పండ్లు, ఆకులు, కట్టెలవలె ఇచట ఆ దీర్ఘత, ఆ సాంద్రత, ఆ తారలోని లోహభాగము అను మూడింటిని కలిపి చూచియే శాస్త్రజ్ఞులు దాని రాకను ఊహించుచున్నారు.