ఐదేండ్లు ఆహారము ముట్టని ప్రాణి



గుంజకు కట్టిన పశువునకు నీళ్లు పెట్టవలసినది ఎవరని అడిగినయెడల మనము నవ్వుదుము. కట్టు లేని పశువు చెరువునకు తానే పోగలదు. కట్టబడినది పోలేదు. గనుక పలుపు ఎవని చేతిలోనున్నదో నీళ్లకు వాడే బాధ్యుడు. ఇది మన బిడ్డలకును తెలిసిన ధర్మమే. అయితే మనము కట్టివేసిన ప్రాణికి ఏమి కావలెనో మనకే తెలియనప్పుడు మన బాధ్యత ఎంతవరకు? జపాను దేశములో నిజముగా జరిగిన యొక సంగతినిబట్టి దీనిని ఆలోచింతము.

ఆ దేశమందు మియే అను ప్రాంతములో, సముద్రతీరమున, తోబా అను పట్టణమున్నది. అక్కడ ఒక అక్వేరియము, అనగా నీటి ప్రాణులను గాజు తొట్లలో పెంచి ప్రజలకు చూపు స్థలము కలదు. 2007 సెప్టెంబరులో అక్కడికి ఒక వింత ప్రాణి వచ్చెను. అది అమెరికా యొద్దనున్న మెక్సికో సింధుశాఖలో పట్టబడినది. దాని పొడవు 29 సెంటీమీటర్లు, బరువు ఇంచుమించు ఒక కిలో. దానిని "ఒకటవ నంబరు" అని పిలిచిరి. 2009 జనవరి 2వ తేదీన అది 50 గ్రాముల చేపనొకదానిని తినెను. అటుతరువాత ఏమి పెట్టినను తినలేదు. ఒక నెల గడిచెను, ఒక సంవత్సరము గడిచెను. అది ప్రాణముతోనే యుండెను. తుదకు 2014 ఫిబ్రవరి 14వ తేదీన చనిపోయెను. అది ఆహారము లేకుండ బ్రతికిన కాలము 5 సంవత్సరముల 43 దినములు.

ఇది ఎట్టి ప్రాణి? పొలములో తేమనేలమీది రాతిని తిరగవేసినప్పుడు, దాని క్రింద బూడిదరంగు గల చిన్న పురుగులు అనేకమైన కాళ్లతో పరుగెత్తుట మీరు చూచియుందురు. వీపుమీద పెంకులు వరుసగా పేర్చినట్లుండును. ముట్టినచో వాటిలో కొన్ని ఉండవలె చుట్టుకొనును. ఆ జాతివానిని శాస్త్రజ్ఞులు ఐసోపాడ్‌లందురు. రొయ్యకును పీతకును ఇవి దూరపు చుట్టములు. మనము చెప్పుకొనుచున్నది వాటిలో మిక్కిలి పెద్దది, సముద్రపు లోతులలో నివసించునది. దానికి ఏడు జతల కాళ్లు. దాని ప్రతి కన్నును వేలకొలది చిన్న కన్నుల కూర్పు. లోతైన సముద్రములో జీవము లేదని పండితులు కొందరు నమ్మిన కాలమొకటి యుండెను. ఆ నమ్మకము పోవుచున్న దినములలోనే, 1879లో, ఫ్రాన్సు దేశస్థుడైన ఆల్ఫోన్స్ మిల్న్ ఎడ్వర్డ్స్ అను శాస్త్రజ్ఞుడు ఈ ప్రాణిని లోకమునకు తెలియజేసెను.

అక్కడ సూర్యకాంతి చేరదు, పైరు పచ్చ లేదు. నీరు మిక్కిలి చల్లన. పైన చచ్చిన తిమింగలమో చేపయో క్రిందికి దిగినప్పుడే భోజనము. అది ఎప్పుడు దిగునో ఎవరికిని తెలియదు. 2019లో అమెరికా శాస్త్రజ్ఞులు మొసలిజాతికి చెందిన ఎలిగేటర్ల కళేబరములను మెక్సికో సింధుశాఖలో సుమారు రెండు కిలోమీటర్ల లోతునకు దింపి చూచిరి. ఒకదానియొద్దకు ఒక్క దినములోగానే ఈ ప్రాణులు వచ్చి తినసాగెను. దొరికిన దినమున కడుపునిండ తినుట, దొరకని కాలమంతయు మందముగా కదలుచు ఓర్చుకొనుట, ఇదియే వాటి బ్రదుకు. వాటి దేహములో గాలితిత్తి లేదు గనుక పైకి తెచ్చినను పగిలిపోవు. అందుచేతనే వాటిని చల్లని నీటి తొట్లలో ఉంచుట సాధ్యమగుచున్నది.

ఇట్టి ప్రాణి ఐదేండ్లు తినకపోయినప్పుడు చూచువారు రెండు విధములుగా పొరబడుటకు వీలున్నది. ఒకడు, "అయ్యో, చెరలో పడి దుఃఖముతో అన్నము మానినది" అనుకొనును. మనము దుఃఖములో అన్నము మానుదుము గనుక అదియు అట్లే చేసినదని వాని తలంపు. మరియొకడు, "ఆహా, ఎంత గొప్ప ఉపవాసము!" అని మెచ్చుకొనును. ఉపవాసమునకు ఉద్దేశము కావలెను. ఆ ప్రాణికి అట్టి ఉద్దేశమున్నదని వానితో చెప్పినవారెవరు? ఇద్దరును తొట్టిలోనికి చూచుచున్నారు గాని ఇద్దరికిని గాజులో కనబడినది తమ ముఖమే.

అది చనిపోయిన తరువాత కోసి చూచిరి. చిక్కిపోయిన దేహము కాదు. కడుపులో ఆహారము లేదు, ద్రవము మాత్రముండెను. ఆ ద్రవములో ఈస్టు వంటి సూక్ష్మజీవులు కనబడెను. ఆకలివలననే చనిపోయెనని తేల్చలేకపోయిరి. అది యేల తినలేదో ఆ పరీక్షవలన తెలియలేదు.

ఇక్కడ మూడవ పొరపాటొకటి కలదు. అది మొదటి రెండింటికంటె అపాయకరమైనది. "ఐదేండ్లు బ్రతికినది గదా, బాగుగానే యుండెను" అనుట. బ్రతికియుండుటయు బాగుగా నుండుటయు ఒకటి కావు. ఎంత లేమినైనను ఓర్చుకొనునట్లు చేయబడిన ప్రాణి మనము చేయు లోపమును కూడ ఓర్చుకొనును. దాని ఓర్పు మనకు నిర్దోషపత్రము కాదు. అరచు ప్రాణి తన బాధను మనకు తెలుపును. మౌనముగా నుండు ప్రాణియెడల మనము మరి ఎక్కువ జాగ్రత్తగా నుండవలెను.

అయితే దానిని తెచ్చినవారిని మనము నిందింతుమా? అంత త్వరపడి తీర్పు తీర్చరాదు. ఆ తొట్టి యెదుట నిలిచిన బాలురు, తాము ఎన్నటికిని దిగజాలని లోతులలో ఇట్టి ప్రాణి యున్నదని కన్నులార చూచిరి. అది చిన్న మేలు కాదు. దాని సంరక్షకులు ఏమి చేసిరో అదియు చూడుడి. తినదని తెలిసినను ఆహారమిచ్చుట మానలేదు. అది తీసికొనకపోయినను మరల పెట్టిరి. దాని మనస్సు వారికి తెలియలేదు, తమ పని మాత్రము తెలిసియుండెను. నా మట్టుకు ఈ వృత్తాంతములో ఐదేండ్ల పస్తుకంటె ఐదేండ్లు ఆహారము పెట్టిన చేతులే గొప్పగా తోచుచున్నవి.

అయినను ఆ చేతుల మంచితనము మొదటి ప్రశ్నను తీసివేయదు. ఏమి కావలెనో తెలియని ప్రాణిని మన వశము చేసికొనుటకు ముందు, చేతనైనంత తెలిసికొనవలెను. చూచు వేడుక కొరకే అయినచో తేకుండుట మేలు. తెచ్చితిమా, అటుతరువాత "తెలియదు" అను మాట మనలను విడిపింపదు. ఆదికాండములో ఆదాము జంతువులకు పేర్లు పెట్టెను. పేరు పెట్టవలెనన్న ముందు దగ్గరకు వచ్చి చూడవలెను గదా. నరునికి ప్రాణులమీద అధికారమున్నదని మనము ధైర్యముగా చెప్పుదుము. అధికారముతో కూడ కావలియు మనకే వచ్చినదని అంత ధైర్యముగా చెప్పుచున్నామా?

సముద్రపు లోతులు మనకు బహు దూరము, పశువుల కొట్టము దగ్గర. మన కొట్టములో మేత వాసన చూచి విడిచిన యెద్దు ఉండవచ్చును. మన యింటిలోనే, కుమారుని పంచన చేరిన ముసలితల్లి, పెట్టిన అన్నములో సగము కంచములో విడుచుచు, "నాకేమి నాయనా, బాగానే ఉన్నాను" అనుచుండవచ్చును. కోపగించి "తినకపోతే మానుము" అనుట సులువు. "తిరుగుచున్నది గదా, ఏమియు లేదులే" అనుట మరియు సులువు. ఆమె యేల తినలేదో ఒకవేళ మనకు తెలియకపోవచ్చును. ఈ రాత్రి ఆమె ప్రక్కను కొంతసేపు కూర్చుండి అడుగుదము. చెప్పకపోయినను, రేపు ఉదయమున మరల వేడి అన్నము పెట్టుదము.